ఫిగ్మా వచ్చు.. మరి డిజైన్ వచ్చా?

ఆరేళ్ల కిందటి మాట. బీటెక్ అయిపోయి ఓ చిన్న స్టార్టప్‌లో చేరి నాలుగు నెలలైంది. కిరాణా షాపుల వాళ్లు ఉద్దెర ఖాతాలు రాసుకోవడానికి మేం ఒక యాప్ చేస్తున్నాం. కోడ్ సీనియర్లు రాస్తున్నారు. తెరలు గీసే పని నాకిచ్చారు. రెండు వారాలు కూర్చుని గీశాను. తెర అడుగున రెండు బటన్లు. ఒకటి ‘సేవ్’, దాని పక్కనే ‘క్లియర్ ఆల్’. రెండూ ఒకే సైజు, రెండూ ఒకే నీలం రంగు. చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి. టీమ్‌లో అందరూ ‘నీట్‌గా ఉంది’ అన్నారు. నేనూ పొంగిపోయాను.

రెండో నెలలో ఖమ్మం నుంచి ఫోన్ వచ్చింది. ఓ షాపాయన 22 రోజుల ఉద్దెర లెక్క మొత్తం మాయమైపోయింది. అప్పటికింకా డేటాను సర్వర్‌కి పంపే ఏర్పాటు మేం చేయలేదు. ఫోన్లోంచి పోతే పోయినట్టే. ‘వెళ్లి చూసి రా’ అని నన్ను పంపారు.

ఆయనకు యాభై అయిదేళ్లుంటాయి. నేను వెళ్లేసరికి ఒక చేత్తో కందిపప్పు తూకం వేస్తూ, ఇంకో చేతి బొటనవేలితో ఫోన్ నొక్కుతున్నారు. నేనేమో ఆ తెరను ఏసీ గదిలో, పెద్ద మానిటర్ మీద, మౌస్‌తో గీశాను. నేను నోరు తెరవక ముందే ఆయనే అన్నారు.. ‘‘తప్పు నాదే బాబూ. వేలు పక్కన తగిలింది. ఏదో ఇంగ్లిష్‌ల అడిగింది. రోజూ అడిగేదే కదా అని ఓకే కొట్టిన.’’

రోజూ అడిగేదే! నిజమే. సేవ్ కొట్టినా ‘ఆర్ యూ ష్యూర్’ అని అడిగేలా పెట్టింది నేనే. రోజుకు యాభై సార్లు ఓకే నొక్కడం అలవాటైన మనిషి, యాభై ఒకటోసారి ఆగి చదువుతారని నేనెలా అనుకున్నాను?

ఆ సాయంత్రం ఆయన గుర్తు తెచ్చుకుని పేర్లు చెబుతుంటే నేను రాశాను. నలభైకి పైగా ఇళ్లు. తర్వాత ఆయన ఒక్కొక్కరినీ అడిగారట. కొందరు ఉన్నది ఉన్నట్టు చెప్పారు. కొందరు తగ్గించి చెప్పారు. ఇద్దరు ముగ్గురితో మాటామాటా పెరిగింది. ఇరవై ఏళ్లుగా సరుకులు తీసుకెళ్లే ఇంటివాళ్లు వీధి చివరి షాపుకి మారిపోయారు. నేను పక్కపక్కన పెట్టిన రెండు బటన్లు చేసిన పని అది.

ఈ సంగతి ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, ఈ మధ్య చాలామంది తమ్ముళ్లు, చెల్లెళ్లు నన్ను అడిగే ప్రశ్న ఒకటే. ‘‘అన్నా, యూఐ డిజైన్ నేర్చుకోవాలి. ఫిగ్మా ఎన్ని రోజుల్లో వస్తుంది?’’ అని. నా జవాబు: ఫిగ్మా మూడు వారాల్లో వస్తుంది. డిజైన్ మాత్రం ఫిగ్మాలో దొరకదు. నాకు అప్పటికే టూల్ బాగానే వచ్చు. రానిది సూత్రాలు. టూల్ మాత్రమే వచ్చినవాడు ఏం చేయగలడో ఖమ్మంలో చూశాను.

తప్పు ఎవరిది?

ఆ షాపాయన తప్పు తనదే అన్నారు చూశారా, అది ఆయన ఒక్కరి మాట కాదు. ఏటీఎం దగ్గర, రైలు టికెట్ బుక్ చేసేచోట, ఫోన్ రీచార్జ్ చేసేటప్పుడు మన ఇళ్లలో పెద్దవాళ్లు అనే మాట అదే. ‘నాకు రాదులే’, ‘నేనే ఏదో తప్పు నొక్కాను’. డొనాల్డ్ నార్మన్ అనే అమెరికన్ పరిశోధకుడు 1988లో రాసిన పుస్తకంలో ఈ విషయాన్నే తిరగేసి చెప్పారు. ఇప్పుడది ‘ది డిజైన్ ఆఫ్ ఎవ్రీడే థింగ్స్’ పేరుతో దొరుకుతుంది. తలుపును తోయాలో లాగాలో తెలియక జనం తడబడుతున్నారంటే లోపం జనంలో లేదు, తలుపులో ఉంది అన్నది ఆయన వాదన. లాగాల్సిన తలుపుకూ, తోయాల్సిన తలుపుకూ ఒకేలాంటి పిడి పెట్టి, పైన ‘పుష్’ అని కాగితం అంటించారంటే, ఆ కాగితమే డిజైన్ ఫెయిలయిందనడానికి సాక్ష్యం.

అంతకుముందే ఈ పాఠం విమానాల్లో నేర్చుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, 1947లో, పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్స్ అనే ఇద్దరు అమెరికా పైలట్ల పొరపాట్లను విశ్లేషించారు. ఒక లివర్ బదులు పక్కనున్న ఇంకో లివర్ లాగడం లాంటివి అందులో చాలా ఉన్నాయి. అప్పటిదాకా వాటన్నిటినీ ‘పైలట్ తప్పిదం’ అని రాసేసేవారు. ఒకేలా కనిపించే మీటలను పక్కపక్కన పెట్టడం వల్ల వచ్చిన తప్పులవి అని వీళ్లు చూపించారు. నేను కాలేజీలో ఉండగా ఈ ఒక్క పేరా చదివి ఉంటే, ఆ రెండు నీలం బటన్లు పుట్టేవి కావు.

ఇవన్నీ పాత కథలు అనుకోకండి. 2018 జనవరి 13న హవాయి దీవుల్లో జనం ఫోన్లకు ‘క్షిపణి దూసుకొస్తోంది, ఇది డ్రిల్ కాదు’ అని అలర్ట్ వెళ్లింది. క్షిపణీ లేదు, ఏమీ లేదు. అది పొరపాటని అవే ఫోన్లకు మళ్లీ మెసేజ్ రావడానికి 38 నిమిషాలు పట్టింది. ఆ ఉద్యోగి ఎందుకలా చేశాడన్న దాని మీద వాదనలున్నాయి. కానీ అలాంటి పొరపాటు జరిగితే వెంటనే సరిదిద్దే దారి ఆ సిస్టమ్‌లో సిద్ధంగా లేకపోవడం మాత్రం అందరికీ కనిపించింది.

2020 ఆగస్టులో సిటీబ్యాంక్ ఇంకో పాఠం నేర్చుకుంది. రెవ్లాన్ కంపెనీ అప్పు మీద సుమారు 78 లక్షల డాలర్ల వడ్డీ చెల్లించాల్సిన చోట, సుమారు 90 కోట్ల డాలర్లు పంపేసింది. అసలు బయటికి పోకుండా ఆపాలంటే ఆ సాఫ్ట్‌వేర్‌లో మూడు చోట్ల టిక్ పెట్టాలి. వాళ్లు ఒక్కచోటే పెట్టారు. ముగ్గురు చూసి ఓకే చేశారు. ముగ్గురికీ అది తప్పని అనిపించలేదు. డబ్బు కోసం కోర్టుల చుట్టూ రెండేళ్లు తిరగాల్సి వచ్చింది. ‘ఫ్రంటెండ్ అంటే రంగులేసే పనే కదా’ అనేవాళ్లకు నేను చెప్పే ఉదాహరణ ఇదే.

పోలింగ్ బూత్‌లో పాఠం

మంచి ఇంటర్‌ఫేస్ చూడాలంటే అమెరికా యాప్‌ల దాకా వెళ్లక్కర్లేదు. ఓటేసిన ప్రతి ఒక్కరూ ఒకటి వాడారు. అదే ఈవీఎం. దీన్ని తయారుచేసే రెండు ప్రభుత్వ సంస్థల్లో ఒకటి మన హైదరాబాద్‌లోని ఈసీఐఎల్, ఇంకోటి బెంగళూరులోని బీఈఎల్. మొదటిసారి 1982లో కేరళలోని పరవూరులో వాడారు. రాజకీయ చర్చ పక్కన పెట్టి, కేవలం ఒక డిజైనర్ కళ్లతో చూడండి.

అభ్యర్థి పేరు, ఫొటో, గుర్తు, దానికి సరిగ్గా ఎదురుగా ఒక నీలం బటన్. ఏ బటన్ ఎవరిదో గుర్తుపెట్టుకోనక్కర్లేదు, కళ్లతో గీత గీసినట్టు తెలుస్తుంది. డిజైన్ భాషలో దీన్ని మ్యాపింగ్ అంటారు. చదువు రాకపోయినా గుర్తును బట్టి ఓటేయొచ్చు. అంటే, గుర్తు చేసుకునే అవసరం కంటే గుర్తుపట్టే వీలు ముఖ్యమన్న సూత్రం. నొక్కగానే ఆ పేరు పక్కన ఎర్ర లైటు వెలుగుతుంది. వీవీప్యాట్‌లో చీటీ 7 సెకన్లు కనిపిస్తుంది. బీప్ వినిపిస్తుంది. చేసిన పని జరిగిందని కంటికీ, చెవికీ చెప్పడం ఇది. అదే ఫీడ్‌బ్యాక్. ప్రిసైడింగ్ అధికారి వైపు నుంచి అనుమతి రానిదే బటన్ పనిచేయదు, ఒకసారి నొక్కాక మళ్లీ ఎన్నిసార్లు నొక్కినా రెండో ఓటు పడదు. తప్పు చేసే దారినే మూసేయడం అన్నమాట. చూపులేని వాళ్ల కోసం బటన్ల పక్కన బ్రెయిలీ అంకెలున్నాయి.

ఇందులో ‘అన్‌డూ’ లేదు. ఓటు వెనక్కి రాదు. అందుకే నొక్కే ముందే పొరపాటు జరగకుండా ఇన్ని జాగ్రత్తలు. వెనక్కి తీసుకోలేని పని ఏదైనా మీ యాప్‌లో ఉంటే, దాన్ని ఈవీఎం అంత స్పష్టంగా చేశామా అని ఒక్కసారి అడగండి. నా ‘క్లియర్ ఆల్’ ఆ పరీక్షలో మొదటి నిమిషంలోనే ఫెయిలయ్యేది.

నేను లేటుగా నేర్చుకున్నవి

సూత్రాలంటే భయపడక్కర్లేదు. లెక్కలూ, ఫార్ములాలూ పెద్దగా ఉండవు. జాకబ్ నీల్సన్ 1994లో పది సూత్రాలుగా కుదించి పెట్టారు. బెన్ ష్నైడర్‌మన్ ఎనిమిది సూత్రాలు చెప్పారు. రెండు జాబితాలూ నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి, గంటలో చదివేయొచ్చు. కానీ చదివితే రావు, మన చుట్టూ ఉన్నవాటిలో వెతికితే వస్తాయి. నాకు బాగా పనికొచ్చిన నాలుగు చెబుతాను.

ఒకటి, ఏం జరుగుతోందో చెప్పు. నీల్సన్ లెక్క ప్రకారం సెకనులో పదో వంతు లోపు స్పందన వస్తే మనిషికి అది వెంటనే జరిగినట్టే అనిపిస్తుంది. ఒక సెకను దాటితే ఆలోచన తెగుతుంది. పది సెకన్లు దాటితే ధ్యాస వేరే పని మీదికి పోతుంది. కూరగాయల బండి దగ్గర యూపీఐ పేమెంట్ చక్రం తిరుగుతూ ఆగిపోయినప్పుడు కొనేవాళ్ల మొహం, అమ్మేవాళ్ల మొహం చూడండి. డబ్బు పోయిందా, పోలేదా, మళ్లీ కొట్టాలా? ఆ అయోమయానికి మన దగ్గర దొరికిన మంచి మందు సౌండ్‌బాక్స్. చేతులు ఖాళీగా లేని ఆమె ఫోన్ చూడక్కర్లేదు, డబ్బులొచ్చాయని పెట్టె తెలుగులో చెబుతుంది. తెర లేకుండానే అది గొప్ప ఇంటర్‌ఫేస్.

రెండు, గుర్తు పెట్టుకోమనొద్దు, కనిపించేలా చెయ్. కంప్యూటర్ చరిత్రే ఈ దిశలో నడిచింది. 1968 డిసెంబరు 9న డగ్లస్ ఎంగెల్‌బార్ట్ శాన్‌ఫ్రాన్సిస్కోలో మౌస్‌ను జనం ముందు పెట్టారు. 1973లో జిరాక్స్ పార్క్ ల్యాబ్‌లో ఆల్టో, 1981లో జిరాక్స్ స్టార్, 1984లో యాపిల్ మెకింతోష్ వచ్చాయి. వీటన్నిటి వెనకున్న ఆలోచన ఒకటే. కమాండ్లు బట్టీ పట్టాల్సిన అవసరం తీసేసి, ఫైలు, ఫోల్డరు, చెత్తబుట్ట కళ్లెదుట పెట్టడం. ఇన్నేళ్ల తర్వాత మనం మళ్లీ పేర్లు తీసేసి మూడు గీతలు, మూడు చుక్కలు పెట్టి ‘మినిమల్’ అంటున్నాం. మా అమ్మకు ఆ మూడు గీతలు ఒక మెనూ అని ఇప్పటికీ తెలియదు. బొమ్మ పక్కన ఒక్క మాట రాస్తే మన పరువేం పోదు.

మూడు, వేలిని గౌరవించు. ఇందాక చెప్పిన ఫిట్స్ గారే 1954లో ఒక సూత్రం ఇచ్చారు. గురి ఎంత చిన్నదైతే, ఎంత దూరంలో ఉంటే, దాన్ని చేరడం అంత ఆలస్యం. ఇంతే. అందుకే ఆండ్రాయిడ్ మార్గదర్శకాలు తాకే చోటు కనీసం 48 డీపీ ఉండాలంటాయి. యాపిల్ 44 పాయింట్లు అంటుంది. దీనికి రెండో వైపు కూడా ఉంది. తరచూ వాడే బటన్‌ను పెద్దగా, దగ్గరగా పెట్టు. ప్రమాదకరమైన బటన్‌ను దూరంగా, వేరే రంగులో పెట్టు. నేను చేసింది సరిగ్గా దానికి ఉల్టా.

నాలుగు, అడగడం కంటే వెనక్కి తెచ్చే దారి మేలు. ‘ష్యూరా?’ అని పదే పదే అడిగితే జనం చదవడం మానేస్తారు. అదే, చెరిపేశాక ‘తొలగించాం, వెనక్కి కావాలా?’ అని కాసేపు చూపిస్తే సగం ఏడుపులు తప్పుతాయి. పంపేసిన మెయిల్‌ను కొన్ని సెకన్ల లోపు ఆపే వీలు జీమెయిల్ 2015లో అందరికీ ఇచ్చింది. మనిషికి తప్పు తెలిసేది సాధారణంగా నొక్కిన మరుక్షణమే. ఆ క్షణంలో దారి ఉండాలి.

తెలుగు తెర సంగతేంటి?

ఇక్కడే మన పిల్లలకు పెద్ద అవకాశం ఉందని నా నమ్మకం. పుస్తకాల్లో ఉన్న సూత్రాలన్నీ ఇంగ్లిష్ అక్షరాలను, ఇంగ్లిష్ పేర్లను మనసులో పెట్టుకుని రాసినవే ఎక్కువ. తెలుగు వచ్చేసరికి కథ మారుతుంది.

మన అక్షరానికి కింద వత్తు ఉంటుంది, పైన గుడి ఉంటుంది. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరంలోనే పైకీ కిందికీ ఎంత చోటు కావాలో చూడండి. ఇంగ్లిష్‌కు సరిపోయేలా కొలిచిన బటన్‌లో ఆ మాట పెడితే వత్తు తెగిపోతుంది. ‘రద్దు’ అన్న మాటలో వత్తు కనపడకపోతే ఏమవుతుంది? అది ‘రదు’ అవుతుంది. ఇంగ్లిష్‌లో చిన్న మాట తెలుగులో బారెడవుతుంది, బటన్ పట్టక చివర మూడు చుక్కలు వస్తాయి. మరి అనువాదం? చాలా యాప్‌లలో తెలుగు ఎంచుకుంటే మన ఇంట్లో ఎవరూ మాట్లాడని భాష కనిపిస్తుంది. ‘సమర్పించు’ అంటే గుళ్లో కొబ్బరికాయ గుర్తొస్తుంది. ‘పంపించు’ అంటే పోయేదానికి అంత బరువెందుకు? దాంతో జనం మళ్లీ ఇంగ్లిష్‌కే మారిపోతారు. ఆఫీసులో గణాంకాలు చూసి ‘తెలుగు ఎవరూ వాడట్లేదు’ అని ఆ ఆప్షన్ తీసేస్తారు. వాడనిది తెలుగును కాదు మహాప్రభో, ఆ తెలుగును!

ఇక పేర్లు. మనకు ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. ఫారమ్‌లో ‘ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్’ అనే రెండు గళ్లు పెడితే, ముందుండే ఇంటిపేరును చివరి గడిలో రాయాలా, మొదటి గడిలోనా? ఒక్కో సర్టిఫికెట్‌లో ఒక్కోలా రాసి, తర్వాత వెరిఫికేషన్‌లో ‘నేమ్ మిస్‌మ్యాచ్’ అంటే అఫిడవిట్ల చుట్టూ తిరిగేది మనమే. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలినవాళ్లకు అమెరికా వీసా మీద ‘ఎఫ్ఎన్‌యూ’ అని పడుతుంది. ‘మొదటి పేరు తెలియదు’ అని దాని అర్థం. అక్కడికెళ్లాక బ్యాంకులో, కాలేజీలో అదే వాళ్ల పేరైపోతుంది. ఇదంతా రెండు గళ్ల వల్ల. ‘పూర్తి పేరు’ అని ఒక్క గడి పెట్టాలన్న ఆలోచన మన ఊరి పేర్లు తెలిసిన డిజైనర్‌కి వచ్చినంత తేలిగ్గా వేరేవాళ్లకు రాదు.

ఇంకో ఉదాహరణ. యూపీఐ మోసాల్లో ఎక్కువగా విన్నది, ‘డబ్బులు వస్తాయి, పిన్ కొట్టండి’ అనడం. పిన్ కొడితే డబ్బు పోతుందే తప్ప రాదని బ్యాంకులు ఎన్నిసార్లు చెప్పినా జనం ఎందుకు నమ్ముతారు? నాకు అనిపించే కారణం ఒకటుంది. మన పెద్దవాళ్లు పిన్ అనేదాన్ని మొదట నేర్చుకున్నది ఏటీఎం దగ్గర. అక్కడ పిన్ కొడితే డబ్బు చేతికొస్తుంది! ఆ అలవాటు బుర్రలో ఉన్నవాళ్లకు కొత్త తెర ఉల్టాగా పనిచేస్తుందన్న సంగతి పెద్దక్షరాలతో చెప్పాలి. చివరికి వ్యక్తుల మధ్య ఈ ‘కలెక్ట్ రిక్వెస్ట్’ పద్ధతినే 2025 అక్టోబరు నుంచి ఆపేయాలని ఎన్‌పీసీఐ నిర్ణయించింది. హెచ్చరికలు రాసే కంటే ప్రమాదకరమైన దారిని మూసేయడమే మంచిదని అందరికీ అర్థమైంది.

‘ఏఐ గీసేస్తుంది కదన్నా?’

ఈ ప్రశ్న రాకుండా ఏ మాటా పూర్తికావట్లేదు. న్యాయమైన ప్రశ్నే. ఒక వాక్యం టైప్ చేస్తే ఇప్పుడు నిమిషంలో తెర వచ్చేస్తోంది. నేనూ వాడుతున్నాను, దాచేదేం లేదు. కేవలం తెరలు గీసే ఉద్యోగాలు తగ్గుతాయన్నది కూడా నా అంచనా. మూడు నెలల కోర్సు చేసి, పది ముచ్చటైన తెరలు పోర్ట్‌ఫోలియోలో పెట్టుకుని ఇంటర్వ్యూకి వెళ్లే రోజులు వెనకబడ్డాయి.

కానీ ఆ వచ్చిన తెర మంచిదా కాదా అని చెప్పేదెవరు? ఏఐకి ఖమ్మం షాపాయన చేతిలో తూకం ఉంటుందని మనం చెప్తేనే తెలుస్తుంది. మనకు తెలిసుంటేనే చెప్తాం. గీయడం చవకైపోయిన కొద్దీ, ఎంచడం ఖరీదవుతుంది. ‘ఈ బటన్ ఇక్కడెందుకు పెట్టావ్?’ అన్న ప్రశ్నకు ‘బావుందని’ అనేవాళ్లకూ, ‘నలుగురికి ఇచ్చి చూశాను, ముగ్గురు ఇక్కడే వెతికారు’ అనేవాళ్లకూ తేడా ఇంటర్వ్యూలో రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

‘ఇవన్నీ డిజైనర్ల గోల, నేను బ్యాకెండ్’ అనేవాళ్లకూ ఒక మాట. మీరు రాసే ఎర్రర్ మెసేజ్ కూడా ఇంటర్‌ఫేసే. ‘ఎర్రర్ 500’ అని చూపించి వదిలేస్తే, స్కాలర్‌షిప్ ఆఖరి తేదీ రాత్రి ఫారమ్ ముందు కూర్చున్న పిల్లకు ఏం అర్థమవుతుంది? ఏం జరిగింది, నింపినది సేవ్ అయిందా లేదా, ఇప్పుడేం చేయాలి.. ఈ మూడింటికీ జవాబిచ్చే ఒక వాక్యం రాయడానికి ఫిగ్మా అక్కర్లేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. సూత్రాలు తెలిసినవాళ్లు మోసం చేయడం కూడా బాగా నేర్చుకుంటారు. క్యాన్సిల్ బటన్‌ను బూడిద రంగులో దాచేయడం, అడగకుండానే ఇన్సూరెన్స్ టిక్ పెట్టేయడం, చేరడానికి ఒక్క నొక్కు, వదిలిపోవడానికి ఏడు తెరలు. హ్యారీ బ్రిగ్నల్ 2010లో వీటికి ‘డార్క్ ప్యాటర్న్స్’ అని పేరు పెట్టారు. మన దేశంలో 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 13 రకాల డార్క్ ప్యాటర్న్స్‌ను నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. రేపు ఉద్యోగంలో ‘ఆ టిక్ ముందే పెట్టేయ్’ అని బాస్ అంటే, ‘సార్, ఇది నిబంధనలకు విరుద్ధం’ అనడానికి కూడా ఈ చదువు కావాలి.

ఎలా మొదలుపెట్టాలి?

కోర్సు ఫీజు కట్టే ముందు ఒక నెల ఇలా చేసి చూడండి.

మొదటి వారం, రోజుకొక తెరను గమనించండి. లిఫ్ట్ బటన్లు, బస్ టికెట్ మెషిన్, ఏటీఎం, కరెంట్ బిల్లు యాప్. ఎక్కడ తడబడ్డారో ఒక లైను నోట్‌బుక్‌లో రాయండి. ‘బాలేదు’ అని రాయొద్దు. ‘నొక్కాక అయిందో లేదో తెలియలేదు’ అని రాయండి.

రెండో వారం, నీల్సన్ పది సూత్రాలు పక్కన పెట్టుకుని, రాసుకున్న ఒక్కో తడబాటు ఏ సూత్రం తప్పడం వల్ల వచ్చిందో గుర్తించండి. ఆండ్రాయిడ్ మెటీరియల్ డిజైన్, యాపిల్ హ్యూమన్ ఇంటర్‌ఫేస్ మార్గదర్శకాలు ఉచితం. అక్షరానికీ, వెనకున్న రంగుకూ మధ్య తేడా కనీసం 4.5:1 ఉండాలన్నది అంతర్జాతీయంగా వాడే కొలత. మీ ప్రాజెక్టు తెరను దానితో కొలవండి. లేత బూడిద అక్షరాలు ఎన్ని ఫెయిలవుతాయో మీరే చూస్తారు. చూపు తక్కువున్న వాళ్లకు ఇది సోకు కాదు, హక్కు. డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2025లో చెప్పింది.

మూడో వారం, అయిదుగురికి మీ తెర ఇవ్వండి. ప్రయోగశాల అక్కర్లేదు. చిన్న పరీక్షలకు అయిదుగురు చాలని నీల్సన్ ఎప్పుడో చెప్పారు. నియమం ఒక్కటే, నోరు విప్పకూడదు. ‘అక్కడ కాదు, పైన’ అనాలని నాలుక దురద పెడుతుంది. ఓర్చుకోండి. పరీక్ష జరుగుతున్నది వాళ్లకు కాదు, మీ తెరకు. ఈ మాట వాళ్లకు ముందే చెప్పండి.

నాలుగో వారం, అప్పుడు ఫిగ్మా తెరవండి. చూసిన తప్పు ఒక్కటి దిద్దండి. ముందు ఎలా ఉంది, ఎవరు ఎక్కడ ఆగారు, ఏం మార్చారు, మార్చాక ఏమైంది.. ఇది రెండు పేజీల్లో రాస్తే అదే మీ పోర్ట్‌ఫోలియో. పెద్ద ఫుడ్ డెలివరీ యాప్‌కి కొత్త రంగులేసిన ఇరవై తెరల కంటే, మీ ఊరి పాల కేంద్రం యాప్‌లో ఒక్క తెర బాగుచేసిన కథకు విలువెక్కువ.

ఇంకా లోతుగా వెళ్లాలనుకునేవాళ్లకు దారులున్నాయి. ఎన్‌పీటీఈఎల్‌లో హ్యూమన్ కంప్యూటర్ ఇంటరాక్షన్ పాఠాలు ఉచితం. చాలా ఇంజినీరింగ్ కాలేజీల్లో ఇదే సబ్జెక్టు ఎలెక్టివ్‌గా ఉంటుంది, ‘ఈజీగా మార్కులొస్తాయి’ అని తీసుకుని మర్చిపోతాం. ఈసారి మర్చిపోకండి. బీటెక్ తర్వాత డిజైన్‌లో పీజీ చేయాలంటే సీడ్ పరీక్ష, ఇంటర్ తర్వాతే డిజైన్ డిగ్రీలో చేరాలంటే యూసీడ్ రాయాలి. రెండూ ఐఐటీ బాంబే నిర్వహిస్తుంది. హైదరాబాద్ ఐఐటీలో కూడా డిజైన్ విభాగం ఉంది.

ఖమ్మం నుంచి వచ్చాక ఆ తెరను మళ్లీ గీశాను. ‘క్లియర్ ఆల్’ను తీసేశాం. చెరిపిన లెక్క 30 రోజులు వెనక్కి తెచ్చుకునేలా పెట్టాం. ఓకే, క్యాన్సిల్ పోయి ‘ఉంచు’, ‘చెరిపేయ్’ వచ్చాయి. కొత్త వెర్షన్ పట్టుకుని ఆయన దగ్గరికే వెళ్లాను. ఆయన ఓపిగ్గా చూశారు. ‘‘ఇది బాగుంది బాబూ’’ అన్నారు. ఫోన్ పక్కన పెట్టి, గల్లా పెట్టె మీదున్న పొడుగు పుస్తకం తీసి ఓ పేరు రాసుకున్నారు. ఆ తర్వాత ఆయన మా యాప్ వాడలేదు. పుస్తకంలో పొరపాటున గీత పడినా కింద అంకె కనిపిస్తుంది కదా మరి. నేను తప్పుపట్టలేకపోయాను.

ఈ ఆదివారం మీ ప్రాజెక్టు యాప్‌ను ఇంట్లో అమ్మకో, నాన్నకో ఇచ్చి, పది నిమిషాలు నోరు మూసుకుని పక్కన కూర్చోండి. వాళ్లు ‘నాకు రాదులేరా’ అన్నప్పుడు, ఆ మాట ఏ తెర మీద అన్నారో రాసుకోండి. అక్కడి నుంచి మొదలుపెట్టండి.